బంగారంతో పాలలో ప్రోటీన్ లెక్క: నెల్లూరు ల్యాబ్ డైరీ

ఇది చూసి చేసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు పోయిన డబ్బులు, ఆదివారాలు మీకూ పోకూడదు కదా. నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నాతో ఫైనలియర్ పిల్లలు ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. మా చేతిలో ఉన్నవి: స్టిరర్ ఉన్న హాట్‌ప్లేట్, పాత విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది), రెండు మైక్రోపిపెట్లు, పొగ పీల్చే ఫ్యూమ్ కబోర్డు, అబ్బాయి వాళ్ల మామ రొయ్యల గుంటల దగ్గర వాడే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది).

సూత్రం ముందే చెప్తాను. 16 నానోమీటర్ల బంగారు రేణువులు నీళ్లలో విడివిడిగా తేలుతుంటే ఆ నీళ్లు మంచి ఎరుపులో ఉంటాయి, 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. దీన్నే గోల్డ్ సాల్ అంటాం. రేణువుల మీద సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) అంటి, దాని రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి దూరం పెట్టుకుంటాయి. ఉప్పు పడితే ఆ దూరం పోతుంది, రేణువులు గుంపు కడతాయి, రంగు ఊదాకి, నీలానికి తిరుగుతుంది. ఉప్పు కంటే ముందే ప్రోటీన్ వెళ్లి రేణువులను కప్పేస్తే, ఉప్పు పడ్డా ఎరుపు నిలుస్తుంది. ఎంత నిలిచిందో కొలిస్తే ప్రోటీన్ ఎంతో తెలుస్తుంది.

ఇంటర్ పుస్తకంలో కొల్లాయిడ్ల పాఠంలో గోల్డ్ సంఖ్య అని అందరం బట్టీ పట్టిందే: 10 మి.లీ. గోల్డ్ సాల్‌లో 1 మి.లీ. 10 శాతం ఉప్పు నీళ్లు పోసినప్పుడు రంగు మారకుండా ఆపడానికి ఎన్ని మిల్లీగ్రాముల రక్షక కొల్లాయిడ్ (రేణువుల్ని కప్పి కాపాడే పదార్థం) కావాలో ఆ అంకె. 1901లో జిగ్మాండీ పెట్టిన కొలత. 1925 కెమిస్ట్రీ నోబెల్ ఆయనకే. 22 ఏళ్లుగా ఆ నిర్వచనం బోర్డు మీద రాస్తున్నాను. చేసి చూసింది మాత్రం ఇప్పుడే.

దశ 1: ఆచారి వీధి బంగారం (సెప్టెంబరు)

సెప్టెంబరు 14. గోల్డ్ సాల్ చేయాలంటే గోల్డ్ క్లోరైడ్ కలిపిన నీళ్లను మరిగించి అందులో సిట్రేట్ పోయాలి. ఆ గోల్డ్ క్లోరైడ్ ఖరీదు చూసి, మనమే చేసుకుందామనుకున్నాను. నెల్లూరులో ఉండి బంగారానికి వెతుక్కోవడమేంటని. ఆచారి వీధిలో తెలిసిన కంసాలి దగ్గర 0.2 గ్రాముల మేలిమి రేకు తీసుకున్నాను. సంగతి విని ఆయన, "ఏంది సార్, కరగబెట్టి నీళ్లలో పోస్తారా?" అని రెండుసార్లు అడిగాడు.

నగల ముక్క తెచ్చి చేయకండి. 22 క్యారెట్లంటే బంగారం 91.6 శాతమే, మిగతాది రాగి, వెండి. వెండి తెల్లటి క్లోరైడ్‌గా అడుగున దిగుతుంది, రాగి ద్రావణంలోనే ఉండిపోతుంది.

రేకును ఆక్వా రీజియాలో కరిగించాను. 3 పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో 1 వంతు నైట్రిక్ ఆమ్లం. ఫ్యూమ్ కబోర్డు లేకపోతే ఈ దశ జోలికి రావద్దు. మిగిలిన ఆక్వా రీజియాని సీసాలో పోసి మూత బిగించొద్దు, గ్యాస్ వస్తూనే ఉంటుంది, సీసా పగులుతుంది.

బ్యాచ్ 1: ఆర్‌వో క్యాన్ నీళ్లు. సిట్రేట్ పడగానే బూడిద రంగు, అరగంటకి అడుగున నల్ల పొడి. మీటర్ పెట్టి చూస్తే టీడీఎస్ 64. కాలేజీ బోరు నీళ్లు 940 ఉండే ఊళ్లో 64 అంటే అమృతం అనుకున్నాను. బంగారానికి అదీ ఉప్పు నీళ్లే.

బ్యాచ్ 2: బ్యాటరీల్లో పోసే నీళ్లు, టీడీఎస్ 9. ఊదా రంగు.

బ్యాచ్ 3: ఫిజిక్స్ వాళ్ల దగ్గర తెచ్చిన డిస్టిల్డ్ వాటర్. ఎరుపు వచ్చింది కానీ మబ్బుగా. కాంతి పీల్చుకునే గరిష్ఠం 538 నానోమీటర్ల దగ్గర, పక్కలకి బాగా వెడల్పు. లిట్మస్ పెడితే బాగా ఆమ్లం. నైట్రిక్ ఆమ్లాన్ని పూర్తిగా తరిమేయకుండా వాడేశాను. ఆమ్లత మారితే రేణువు సైజు మారుతుంది. మళ్లీ మళ్లీ ఆవిరి పట్టి తరమొచ్చు, కానీ ప్రతిసారీ ఒకేలా వస్తుందన్న నమ్మకం లేక వదిలేశాను.

లెక్క: బ్యాచ్‌లు 3, పనికొచ్చినవి 0. ఖర్చు: బంగారం 1,900, నీళ్లు 140. మొత్తం రూ. 2,040.

దశ 2: గోల్డ్ క్లోరైడ్ కొని (అక్టోబరు, నవంబరు)

అక్టోబరు 19. 1 గ్రాము సీసా వచ్చింది. మూడు రోజులుగా వాన. స్టీలు స్పాచులాతో కొంచెం తీసి బటర్ పేపర్ మీద పెట్టాను. త్రాసులో అంకె నిలవదు, పెరుగుతూనే ఉంది. గాలిలో తేమ తాగి పొడి కాస్తా పాకమైపోతోంది. స్పాచులా కొన నల్లబడింది, బంగారం స్టీలు మీదికి దిగిపోయింది. దాదాపు 60 మిల్లీగ్రాములు పోయింది, అంటే 700 రూపాయలు, ఒక్క నిమిషంలో.

మార్చుకున్నది: తూకం మానేశాం. సీసాలో మిగిలిన 0.94 గ్రాములూ ఒకేసారి 94 మి.లీ. డబుల్ డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 1 శాతం స్టాక్ చేశాం. రంగు సీసా, ఫ్రిజ్‌లో, లోహం ఏదీ తగలకుండా.

బ్యాచ్ 4: పాత కోనికల్ ఫ్లాస్క్. ఊదా రంగు, గాజు లోపల పలచటి బంగారు పూత. ముందు బ్యాచ్‌ల పూత గాజు మీద మిగిలి ఉంటే కొత్త బంగారం దాని మీదే పేరుకుంటుంది. సబ్బుతో పోదు. ఫ్లాస్క్‌నీ స్టిరర్ గింజనీ ఆక్వా రీజియాతో కడిగి, ఆరుసార్లు డిస్టిల్డ్ నీళ్లతో తొలిచాం. ఆ ఫ్లాస్క్ మీద ఎర్ర టేపు వేశాం, సాల్‌కి తప్ప ఇంక దేనికీ వాడం.

బ్యాచ్ 5: గరిష్ఠం 522. మొదటి మంచి బ్యాచ్.

బ్యాచ్ 6: సిట్రేట్ 2 మి.లీ. బదులు 1 మి.లీ. పోశాను, పొరపాటున. 530, కాస్త మట్టి ఎరుపు. ఈ పొరపాటుకి ఒక చరిత్ర ఉంది. సిట్రేట్ పద్ధతి 1951లో టర్కెవిచ్ వాళ్లది. సిట్రేట్ తగ్గిస్తే రేణువు పెద్దదవుతుందని 1973లో ఫ్రెన్స్ కొలిచి చూపించాడు: 0.01 శాతం బంగారం 50 మి.లీ.కి 1 శాతం సిట్రేట్ 1 మి.లీ. పోస్తే 16 నానోమీటర్లు, అర మి.లీ. పోస్తే 41. మేం తీసుకున్నది 100 మి.లీ., పోసింది 1 మి.లీ. అంటే మాది 41 వైపు.

బ్యాచ్ 7: సిట్రేట్ పోసిన అర నిమిషానికి ద్రావణం ఇంకులా నల్లటి నీలమైంది. అమ్మాయి టెన్షన్ పడి, "సార్, పోయింది!" అంటూ ఫ్లాస్క్ తీసి చల్లనీళ్ల టబ్బులో పెట్టేసింది. పోలేదమ్మా, అది మధ్యలో వచ్చే రంగే. ఇంకో నిమిషం ఆగితే ఎరుపు వచ్చేది. ముందుగా చెప్పకపోవడం నా తప్పు.

బ్యాచ్ 8 (నవంబరు 2): 520, అక్కడ అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) 1.01. ఇదే పద్ధతి ఇప్పటికీ:

1. ఎర్ర టేపు ఫ్లాస్క్‌లో డబుల్ డిస్టిల్డ్ వాటర్ 99 మి.లీ., గోల్డ్ స్టాక్ 1 మి.లీ.
2. వాచ్ గ్లాస్ మూత పెట్టి, స్టిరర్ వేగంగా తిప్పుతూ తెర్లనివ్వాలి. బుడగలు గట్టిగా రావాలి.
3. అదే రోజు కలిపిన 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. ఒక్క దెబ్బతో పోయాలి. చుక్కలు చుక్కలుగా వద్దు.
4. లేత పసుపు పోయి రంగు లేకుండా, తర్వాత ఇంకు నీలం, తర్వాత ఎరుపు. చేయి పెట్టొద్దు.
5. ఎరుపు వచ్చాక ఇంకో 10 నిమిషాలు మరిగించి, స్టిరర్ ఆపకుండా చల్లార్చాలి.
6. ఆవిరైన నీళ్లు తిరిగి పోసి 100 మి.లీ. చేయాలి.

లెక్క: బ్యాచ్‌లు 8, పనికొచ్చినవి 2. ఈ దశ ఖర్చు: గోల్డ్ క్లోరైడ్ 11,500, సిట్రేట్ 420, నీళ్లు 250, కొత్త స్టిరర్ గింజ 180. మొత్తం ఇప్పటికి రూ. 14,390. ఒక బ్యాచ్‌లో బంగారం విలువ సుమారు 122, అంటే ఒక్క పరీక్షకి రూపాయి పావలా.

దశ 3: ఉప్పు

ఒక్కో గొట్టంలో 1 మి.లీ. సాల్, 0.1 మి.లీ. శాంపిల్, 10 నిమిషాలు ఆగి 0.1 మి.లీ. 10 శాతం ఉప్పు నీళ్లు. జిగ్మాండీ పాళ్లే, పదో వంతుకి తగ్గించినవి. 5 నిమిషాలకి 520 దగ్గర, 620 దగ్గర చదివి, రెండో అంకెను మొదటిదాంతో భాగించాలి. నిష్పత్తి చిన్నదైతే ఎరుపు, పెద్దదైతే నీలం.

నవంబరు 9. ప్రోటీన్ లేని గొట్టం ఉప్పు పడగానే నీలం కావాలి. ఆరింటిలో నాలుగు అయ్యాయి, రెండు ఎర్రగానే ఉండిపోయాయి. ఎక్కడిదిరా ఈ ప్రోటీన్ అని గంటసేపు కొట్టుకున్నాం. ఆ రెండూ అబ్బాయి అంట్లు తోమే లిక్విడ్‌తో కడిగిన గొట్టాలు. గాజుకు మిగిలిన సబ్బు పొర చాలు, రేణువుల్ని కప్పి ఉప్పు నుంచి కాపాడటానికి.

ఈ ఎంట్రీ కింద గీత గీసి పెట్టుకున్నాను. బంగారానికి ప్రోటీన్ అంటే ఏంటో తెలీదు. తన మీద ఏదో కప్పుకుని ఉందని మాత్రమే చెప్తుంది. తర్వాత మా పాలు తికమక పెట్టింది కూడా ఇక్కడే.

నవంబరు 10. అన్నీ కొత్త ప్లాస్టిక్ క్యూవెట్లలోకి (స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టే చిన్న గొట్టాలు) మార్చాం.

నవంబరు 12. వరస మారిస్తే ఏమవుతుందని ముందు ఉప్పు, తర్వాత ప్రోటీన్ వేశాం. అన్నీ నీలం. ఎంత ప్రోటీన్ పోసినా వెనక్కి రాలేదు. ఒకసారి గుంపు కట్టాక విడదీయడం ప్రోటీన్ వల్ల కాదు.

నవంబరు 13. ల్యాబ్ ఉప్పు అయిపోయింది. అబ్బాయి ఇసకపల్లి ఉప్పు కయ్యల నుంచి కల్లుప్పు తెచ్చాడు. అంతకు ముందు ల్యాబ్ ఉప్పుకి సగం ఎరుపు చూపించిన శాంపిల్ ఈ ఉప్పుకి పూర్తి నీలమైంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి. రెండు ఆవేశాలున్న అయాన్లు గుంపు కట్టించడంలో సోడియం కంటే చాలా బలమైనవి. ఇంటర్‌లోదే ఇంకో పాఠం, హార్డీ-షుల్జ్ నియమం. అబ్బాయికి ఇప్పుడు దాని మీద ప్రశ్న వస్తే పూర్తి మార్కులు గ్యారంటీ. కూరలో వేసుకోవడానికి మాత్రం ఆ ఉప్పు బాగుంది.

నవంబరు 16. బయోకెమిస్ట్రీ వాళ్ల ఫ్రిజ్‌లో లైసోజైమ్ అనే ప్రోటీన్ దొరికితే వేసి చూశాం. ఉప్పు వేయకముందే నీలం! లైసోజైమ్ మామూలు నీళ్లలో ధనావేశంతో ఉంటుంది, దాని ఐసోఎలక్ట్రిక్ బిందువు (మొత్తం ఆవేశం సున్నా అయ్యే చోటు) పీహెచ్ 11 దగ్గర. రుణావేశమున్న రేణువుల మధ్య అదే జిగురైపోయింది. అన్ని ప్రోటీన్లూ కాపాడవు. కాబట్టి ఉప్పు లేకుండా ఒక గొట్టం ప్రతి శాంపిల్‌కీ తప్పనిసరి అని రాసుకున్నాం.

నవంబరు 23. బీఎస్‌ఏతో, అంటే ఆవు రక్తంలోని అల్బుమిన్‌తో స్టాండర్డ్: ఎంత వేశామో తెలిసిన గొట్టాలతో గీసుకునే కొలత గీత. మూడేసి గొట్టాల సగటు. ఎడమ గొట్టంలో వేసిన మైక్రోగ్రాములు, కుడి నిష్పత్తి:

0 – 1.12
0.5 – 1.05
1 – 0.93
2 – 0.71
3 – 0.52
4 – 0.37
5 – 0.27
6 – 0.21
8 – 0.19
ఉప్పు లేని సాల్ – 0.18

పనికొచ్చేది 1 నుంచి 5 వరకే. ఆరు దాటాక రేణువులన్నీ కప్పేసి ఉంటాయి, ఇంకెంత పోసినా అంకె కదలదు. మొదట్లో నేను 10, 20, 50 వేసి "అన్నీ ఒకటే వస్తున్నాయేంటి" అని రెండు రోజులు పోగొట్టాను. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు అని పిల్లలకి చెప్పేది నేనే.

టైమింగ్ కూడా చూసుకోండి. 3 మైక్రోగ్రాముల గొట్టం 2 నిమిషాలకి 0.44, 5 నిమిషాలకి 0.52, 20 నిమిషాలకి 0.63. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, 30 సెకన్ల తేడాతో ఒక్కో గొట్టంలో ఉప్పు వేస్తున్నాం, అదే తేడాతో చదువుతున్నాం.

లెక్క: బ్యాచ్‌లు 10, పనికొచ్చినవి 4. ఈ దశ ఖర్చు: బీఎస్‌ఏ 1,850, టిప్పులు 300, క్యూవెట్లు 900. మొత్తం ఇప్పటికి రూ. 17,440.

దశ 4: పాలు

నవంబరు 30. మా వీధిలో పోసే బర్రె పాలు, నీళ్లు కలపనివి (పోసేవాడి మాట). 4000 రెట్లు పలచన చేసి 0.1 మి.లీ. నిష్పత్తి 0.56. బీఎస్‌ఏ గీత మీద చూస్తే 2.8 మైక్రోగ్రాములు. వెనక్కి లెక్కేస్తే పాలలో ప్రోటీన్ 11.2 శాతం.

ఏ బర్రే అంత ఇవ్వదు. బర్రె పాలలో ప్రోటీన్ 4 శాతం చుట్టుపక్కల ఉంటుంది.

మొదట పలచన తప్పనుకున్నాం. ఇద్దరూ వేర్వేరుగా చేశారు, 10.8, 11.5. పిపెట్ చూశాం, నీళ్లు తూకం వేస్తే సరిగ్గానే ఉంది. పాల గిన్నెకి సబ్బేమైనా ఉందా అని కొత్త సీసాలో పోయించుకొచ్చాం. అదే అంకె. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో చేయిస్తే (1976 నాటిది, కూమాసీ అనే నీలి రంగుతో, 595 దగ్గర చదివేది) 3.8 వచ్చింది. అంటే పాలు మంచివే, తప్పు మా బంగారానిది.

డిసెంబరు 4. జవాబు మళ్లీ గోల్డ్ సంఖ్య పట్టికలోనే ఉంది. అంకె ఎంత చిన్నదైతే అంత గట్టిగా కాపాడుతుంది. జెలటిన్ 0.005 నుంచి 0.01, కేసిన్ 0.01, తుమ్మ బంక 0.15 నుంచి 0.25, బంగాళాదుంప గంజి 25. గుడ్డులోని అల్బుమిన్ కూడా కేసిన్ కంటే చాలా బలహీనం. మన స్టాండర్డ్ అల్బుమిన్, పాలలో ఎక్కువున్నది కేసిన్. కొంచెం కేసిన్ చాలు, చాలా అల్బుమిన్ చేసినంత పని చేయడానికి. బలహీనమైనదాన్ని గజంగా పెట్టుకుని బలమైనదాన్ని కొలిచాం.

మార్చుకున్నది: స్టాండర్డ్‌గా కేసిన్. అది వట్టి నీళ్లలో కరగదు, గోరువెచ్చగా కాస్త సోడియం హైడ్రాక్సైడ్ వేసి కరిగించి బాగా పలచన చేయాలి. అంతే క్షారం ఖాళీ గొట్టంలోనూ వేయాలి. నేను మొదటిసారి వేయలేదు, ఒక రోజు పోయింది.

డిసెంబరు 7. కేసిన్ గీత మీద 0.56 అంటే 1.0 మైక్రోగ్రాము. పాలలో 4.0 శాతం. బ్రాడ్‌ఫర్డ్ 3.8. చాలు.

పట్టుబట్టి ఇంకోటి చేశాం. అవే పాలలో సగానికి సగం నీళ్లు కలిపితే 2.1 వచ్చింది. అవే పాలలో చుక్క అంట్ల లిక్విడ్ వేస్తే మా కేసిన్ గీత కొలవగలిగినదాని పైకి పోయింది. అంటే ఈ పద్ధతితో పాల కల్తీ పట్టుకుంటామని ఎవరైనా అంటే నమ్మకండి. సబ్బు కలిపినవాడి పాలే దీనికి అందరికంటే చిక్కటి పాలు.

ఇలాంటి తిప్పలు పడ్డది మేమే కాదు. 1912లో లాంగే అనే డాక్టరు వెన్ను నీటిని వరసగా పలచన చేసి గోల్డ్ సాల్‌లో వేసి, ఏ గొట్టంలో రంగు ఎలా మారిందో చూసి సిఫిలిస్ మెదడుకి ఎక్కిందేమో చెప్పేవాడు. అందులో కూడా చూసేది ప్రోటీన్ల పాళ్లు మారడమే, ఏ ప్రోటీనో విడిగా చెప్పడం కాదు.

లెక్క: బ్యాచ్‌లు 12, పనికొచ్చినవి 6. ఈ దశ ఖర్చు: కేసిన్ 650, జెలటిన్ 160. మొత్తం ఇప్పటికి రూ. 18,250.

దశ 5: మెడికల్ షాపు స్ట్రిప్

డిసెంబరు 14. అమ్మాయి అడిగింది, "మరి బంగారం ఒక్క ప్రోటీన్‌నే ఎలా గుర్తుపడుతుంది సార్, కోవిడ్ కిట్లలో బంగారమే అన్నారు కదా?" మంచి ప్రశ్న. చూపించడానికి గర్భ పరీక్ష స్ట్రిప్ ఒకటి కొనడానికి వెళ్లాను. షాపతను నా తెల్ల జుట్టు చూసి, "మనవడా సార్?" అన్నాడు. కాలేజీ పనికి అంటే ఇంకా అనుమానంగా చూశాడు. 60 రూపాయలు.

విప్పితే లోపల నాలుగు ముక్కలు అతికించిన పట్టీ. మూత్రం తగిలే వైపున్న మెత్తకి అవతల చిన్న గులాబీ రంగు మెత్త. ఆ గులాబీయే బంగారం, ఇలాంటి వాటిలో రేణువు సాధారణంగా 40 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. రేణువుల మీద ముందే యాంటీబాడీ అంటించి ఉంటారు, అది గర్భం వస్తే మూత్రంలో కనిపించే హెచ్‌సీజీ అనే ఒక్క ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. టెస్ట్ గీత దగ్గర పట్టీకే అతికించిన ఇంకో యాంటీబాడీ, హెచ్‌సీజీని రెండో వైపు నుంచి పట్టుకుని రేణువుని అక్కడే ఆపేస్తుంది. రేణువులు పోగుపడితే గీత కనిపిస్తుంది. ఇక్కడ ఉప్పు ఆట లేదు, రంగు మారడం లేదు. బంగారానికి తెలియని పనిని యాంటీబాడీకి అప్పజెప్పారు.

మెత్తని కత్తిరించి ఉప్పు నీళ్లలో వేశాం. గులాబీగానే ఉంది. ముందే నిండా ప్రోటీన్ కప్పి ఉంది కదా. మా దశ 3 మొత్తం ఆ ముక్కలో కనిపించింది పిల్లలకి.

మన సాల్‌కి యాంటీబాడీ అంటిద్దామని లెక్క వేశాం. యాంటీబాడీ వయల్ ధరే ఇప్పటివరకు అయిన మొత్తం దాటుతోంది. ప్రస్తుతానికి ఆపాం.

లెక్క: మొత్తం రూ. 18,310. స్టాక్‌లో ఇంకా 85 మి.లీ. గోల్డ్ ఉంది.

డిసెంబరు 28. నిల్వ సంగతి. ఫారడే 1850ల్లో చేసిన ఎర్ర సాల్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఎర్రగానే ఉందని పిల్లలకి గొప్పగా చెప్పాను. మా బ్యాచ్ 5 రెండు నెలలకే అడుగున బూజు పట్టింది, సిట్రేట్ తిని బతికే బూజు. మూత తీసి తీసి పెట్టిన సీసా అది. బ్యాచ్ 8 మూత తీయకుండా ఫ్రిజ్‌లో ఉంచాం: 56 రోజులకి 520, 0.99. ఎర్ర టేపు ఫ్లాస్క్‌లో రేపు బ్యాచ్ 13. ఈసారి కందిపప్పు కడిగిన నీళ్లు, అందులో గంజి కూడా ఉంటుంది కాబట్టి ఉప్పు లేని గొట్టంతో పాటు వట్టి గంజి గొట్టం కూడా పెడుతున్నాం.